మందుల షాపావిడను ఎవరికి అప్పజెప్పడం

ఈ సభను నడిపిస్తూ, మధ్యమధ్య గడియారం వంక చూస్తున్న మా పళ్ళ డాక్టరుగారికి, ముందు వరసలో చేతులు కట్టుకుని నా ప్రతి మాటలోనూ తప్పు వెతకడానికి సిద్ధంగా ఉన్న లెక్కల మాస్టారికి, ఆయన పక్కన మా ఆయన ముందే పట్టిపెట్టిన కుర్చీలో కూర్చున్న మా అత్తగారికి, వెనకాల గోడకి ఆనుకుని నిలబడి కూర్చోమన్నా కూర్చోని, మేమంతా తుఫాను అని పిలిచే అమ్మాయికి, మన కథల ఊరికి రాసేవాళ్లందరికీ, రాయకుండా ఓపిగ్గా చదివిపెట్టే అంతకన్నా పెద్ద మనసున్నవాళ్లకీ నమస్కారం.

ఇంతసేపూ నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. వింటుంటే ఈవిడెవరో కానీ కలవాల్సిన మనిషే అనిపించింది. (నవ్వులు) అందులో సగం నిజం కాదు, ఏ సగమో నేను చెప్పను.

ఇవాళ మనవాళ్ల ఇళ్లల్లోంచి కొందరు మొదటిసారి వచ్చారు. ఆదివారం పూట పళ్ళ ఆసుపత్రిలో ఈ జనమేమిటి, ఎవరికీ పన్ను నొప్పి లేదేమిటి అని చూస్తున్నారు. వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్లు ఓర్చుకోండి. ఒకప్పుడు టీవీలో ఒక సీరియల్ వచ్చేది. నది ఒడ్డున ఒక చిన్న ఊరు, నది మీద ఎత్తి దించే వంతెన, పడవ వస్తే దాన్ని ఎత్తి బస్సు వస్తే దించే కాపలాదారు. ఆ మనిషి చుట్టూ ఆ ఊరివాళ్ల కథలు. సగంలో ఉండగా ఆ ఛానెల్ మూతపడింది, సీరియల్ ఆగిపోయింది. మాకు మాత్రం ఆగలేదు. తర్వాత ఏమైందో ఎవరికి తోచింది వాళ్లం రాసుకున్నాం, రాసింది ఇంటర్నెట్లో పెట్టుకున్నాం, ఒకరిది ఒకరు చదివి ఇలా ఒకచోట చేరాం. ఊరు అందరిదీ ఒకటే, కథలు ఎవరివి వాళ్లవి. ఒకరి కథలో వాన పడితే ఇంకొకరి కథలో గొడుగు విప్పాలి. అలా విప్పించే పని, అంటే నియమాలు చూసే పని, ఇన్నేళ్లూ నాది.

ఇప్పుడు నాకు బదిలీ అయింది. నీళ్లు పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం, కొత్త ఊళ్లో కొత్త ల్యాబు మొదటినుంచీ నిలబెట్టాలి. రాయడం ఇక కుదరదని నాకు తెలుసు. కుదురుతుందేమోలే అని చెప్పి సగం సగం రాస్తూ మిమ్మల్ని తిప్పుకోవడం నాకిష్టం లేదు. మన నియమం ప్రకారం, మానేసి వెళ్లేవాళ్లు వెళ్లేముందు అందరి ముందూ ఒక మాట చెప్పాలి. తాము పుట్టించిన పాత్రలకి తలుపు తెరిచి వెళుతున్నారా, మూసి వెళుతున్నారా అని. తెరిస్తే ఇక ఎవరైనా, ఏమైనా రాసుకోవచ్చు. మూస్తే ఆ పాత్ర ఎక్కడ ఉందో అక్కడే ఉండిపోతుంది. ఆ వీధిలోంచి నడవచ్చు, ఆవిడకి నమస్కారం పెట్టొచ్చు, అంతకు మించి ఏమీ రాయకూడదు. నేను పుట్టించింది ఒక్కావిడనే. మందుల షాపావిడ. మీరందరూ ఇందాకటినుంచీ బిస్కట్లు తింటూ ఎదురుచూస్తున్నది నా ప్రసంగం కోసం కాదని, ఆ ఒక్క మాట కోసమేనని నాకు తెలుసు. చెబుతాను. పొద్దున ఇంట్లో బయల్దేరేటప్పుడు ఒక మాట అనుకున్నాను, మెట్లెక్కుతూ ఇంకొకటి అనుకున్నాను. మాట్లాడుతూ తేల్చుకుంటాను, నాకు వేరే పద్ధతి చేతకాదు.

అసలు ఈ నియమాలు ఎందుకొచ్చాయో చెప్పాలి. మొదట్లో మాకు ఏ కట్టుబాటూ లేదు. అంతా స్నేహితులం కదా, నియమాలెందుకు అనుకున్నాం. ఆ ఒక్క ఏడాదిలో వంతెన కాపలాదారు మూడుసార్లు చనిపోయాడు. మాస్టారు ఆయన్ని నదిలో ముంచేశారు. డాక్టరుగారు పిప్పిపన్నుకి సమయానికి వైద్యం చేయించుకోలేదని చంపేశారు. (నవ్వులు) నవ్వకండి, ఆ అధ్యాయం చదివి నేను నిజంగానే పన్ను చూపించుకున్నాను. మూడోసారి చంపింది ఎవరో చెప్పను, ఆవిడ ఇప్పుడు పేరున్న మనిషి. ఇంత జరిగాక, అప్పుడే కొత్తగా చేరిన మా తుఫాను ఆయన చేత గాలివానలో ఇంటి కప్పు బాగుచేయించింది. ఈ అమ్మాయి కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది, చాలా నెమ్మదస్తురాలు. కానీ రాస్తే మాత్రం ప్రతి అధ్యాయంలో ఒక గాలివాన రావాల్సిందే, అందుకే ఆ పేరు.

చదివేవాళ్లు అడగడం మొదలుపెట్టారు, ఆయన ఉన్నట్టా పోయినట్టా అని. సరే, తేల్చుకుందామని ఒక ఆదివారం ఇదే హాల్లో కూర్చున్నాం. ఎవరి చావు చెల్లుతుందన్నది ప్రశ్న. ఎవరు ముందు చంపితే వాళ్లదే లెక్క అంటారు మాస్టారు. ఎవరు బాగా చంపితే వాళ్లది అంటారు డాక్టరుగారు. గొంతులు పెరిగాయి. ఈలోపు తలుపు తోసుకుని చెంప వాచిన ఒక పెద్దాయన లోపలికొచ్చారు, ఆసుపత్రి తీసే ఉంది కదా అని. పాపం ఓ మూల కూర్చుని అంతా విన్నారు. విని, లేచి, మాస్టారి దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, మీకు బాగా కావలసినవారా అని అడిగారు. మాస్టారు ఏమన్నారో తెలుసా? అవునండీ, చిన్నప్పటినుంచీ తెలుసు అన్నారు. కళ్లు కూడా తుడుచుకున్నారు. (నవ్వులు) మాస్టారూ, కాదనకండి, డాక్టరుగారు సాక్షి. ఆ పెద్దాయన పన్ను ఆవేళ డబ్బు తీసుకోకుండా పీకారు డాక్టరుగారు, దుఃఖంలో పాలుపంచుకున్నందుకు.

ఆయన వెళ్లాక ఎవరికీ పోట్లాడటానికి మొహం చెల్లలేదు. నెమ్మదిగా కూర్చుని మాట్లాడుకున్నాం. అప్పుడు పుట్టింది మన మొదటి నియమం. ఎదుటివాళ్ల పాత్ర చేత మాట్లాడించవచ్చు, నడిపించవచ్చు, జలుబు చేయించవచ్చు, అలిగించవచ్చు, కానీ మర్నాటికి సర్దుకోలేని పని మాత్రం వాళ్లని అడక్కుండా చేయించకూడదు. చావు సర్దుకోలేనిది. పెళ్లి సర్దుకోలేనిదా కాదా అన్నదాని మీద ఇంకో రెండు ఆదివారాలు గడిచాయి. పెళ్లయినవాళ్లంతా ఒకవైపు, కానివాళ్లంతా ఒకవైపు. ఎవరు ఎటో చెప్పను, మా ఆయన ఇక్కడే ఉన్నారు. (నవ్వులు) నది ఎటునుంచి ఎటు పారుతుందన్నదానికి మాస్టారు పటం గీసి గోడకి అంటించారు, అది ఇప్పటికీ ఎక్స్‌రేల పక్కన ఉంది. ఎవరి ఆలోచన తీసుకున్నా వాళ్ల పేరు కింద వెయ్యాలన్నాం. వీటిల్లో ఒక్కటీ అమ్ముకోకూడదన్నాం. ఆ సీరియల్ తీసినవాళ్లు ఎప్పటికైనా తిరిగొచ్చి, ఇది మా ఊరు అంటే, మారుమాటాడకుండా మన సామాను సర్దుకుని బయటికి రావాలన్నాం. అది ఒప్పుకోవడానికి అందరికీ కష్టమైంది. నాకు ఎక్కువ కష్టమైంది. అప్పటికే నా షాపు తెరిచి ఉంది మరి.

ఆ షాపావిడ గురించి మీకు నేను చెప్పేదేముంది. దగ్గు మందు అడిగితే, దగ్గు నీకా మీ ఆవిడకా అంటుంది. నీకైతే సిగరెట్టు మానెయ్, ఆవిడకైతే ఇంట్లో కాల్చడం మానెయ్ అంటుంది. అని, మందు ఇవ్వకుండా పంపిస్తుంది. వ్యాపారం ఎలా నడుస్తోందో నాకూ తెలియదు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ కౌంటరు దాటి బయటికి రాలేదు. ఊళ్లో కథలన్నీ ఆవిడ దగ్గరికే వచ్చేవి, ఆవిడ దేనికీ వెళ్లేది కాదు. నాకది బాగుండేది. ల్యాబులో పొద్దస్తమానం ఇది అనుమానం, అది అనుమానం, మళ్లీ పరీక్షించండి అని రాసే నాకు, దేని మీదా అనుమానం లేని ఒక మనిషి దగ్గర సాయంత్రం కాసేపు కూర్చున్నట్టు ఉండేది.

బదిలీ సంగతి తెలిశాక తుఫాను నాకొక అధ్యాయం పంపింది. అక్కా, నీకు నచ్చితేనే పెడతాను అని. అందులో మందుల షాపావిడ ఒక మధ్యాహ్నం వేళ, ఎవరికీ చెప్పకుండా, షాపుకి తాళం వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని రేవులోకి దిగి, సముద్రం దాకా పోయే పడవ ఎక్కేస్తుంది. పడవ కదిలాక షాపు తాళంచెవి నదిలోకి విసిరేస్తుంది. ఆ అధ్యాయంలో గాలివాన లేదు. ఈ అమ్మాయి మొదటిసారి గాలివాన లేకుండా రాసింది, నాకు భయం వేసింది.

ఆవిడ అలాంటి మనిషి కాదు అని రాశాను. ఎందుకు కాదు అని అడిగింది. మధ్యాహ్నం పూట షాపు మూసేస్తే ఇన్సులిన్‌కి వచ్చినవాళ్లు ఏమైపోవాలి అని రాశాను. సంగతి మాస్టారి దాకా వెళ్లింది. ఇది మర్నాటికి సర్దుకోలేని పనేనా అని అడిగితే, పడవ ఎలాగూ సాయంత్రానికి తిరిగొస్తుంది కదా అన్నారు. మరి తాళంచెవి అంటే, డూప్లికేటు ఉండదా అన్నారు. (నవ్వులు) ఇకనుంచి నియమాలు చూసుకోబోయేది ఈయనే, మీకు చెప్పడం నా ధర్మం. తుఫాను మాత్రం వాదించలేదు. ఒక్క మాటే రాసింది. "అక్కా, నువ్వు లేకపోతే ఆవిడ ఎవరితో మాట్లాడుతుందని అలా రాశాను. వద్దంటే తీసేస్తాను." వద్దనీ అనలేదు, సరేననీ అనలేదు. చూద్దాం అన్నాను. నాకు బాగా వచ్చిన మాట అది.

తలుపు మూసేద్దామనే అనుకున్నాను, నిజం చెబుతున్నాను. మూసేస్తే ఆవిడ అలాగే, నేను వదిలిన చోటే, నాకు తెలిసినట్టే ఉంటుంది. మళ్లీ నాకే అనిపించేది, ఊరే మనది కానప్పుడు, ఎవరో కట్టిన వీధిలో అడక్కుండా షాపు పెట్టుకున్నదాన్ని, ఆ షాపు నాదని తాళం వేసుకోవడమేమిటని. పగలు అలా అనిపించేది, సాయంత్రానికి మళ్లీ మూసేద్దామనిపించేది.

మొన్న మా అత్తగారు ఆ అధ్యాయం చదివారు. ఆవిడ మన కథలన్నీ చదువుతారు, అక్షరాలు పెద్దవి చేసుకుని, ఒక్కటీ వదలరు, ఒక్కదాన్నీ మెచ్చుకోరు. ఆవేళ నేను సామాను సర్దుతుంటే వచ్చి మంచం మీద కూర్చున్నారు. అత్తయ్యా, ఇది మిమ్మల్ని అడక్కుండా చెబుతున్నాను, కోప్పడకండి.

"ఆ షాపావిడ నేనేగా అమ్మాయ్?" అన్నారు.

నేను, అబ్బే అదేం లేదండీ, ఊరికే, కల్పన అని నసిగాను.

"దగ్గు మందు మాట నేను మీ మామగారితో అన్నదే. అప్పుడు నువ్వు వంటింట్లో ఉన్నావు."

నేను చీరలు మడత పెట్టుకుంటూ ఉండిపోయాను. "బాగానే రాశావు. కానీ ఇన్నేళ్లుగా నన్ను ఆ బల్ల వెనకాలే నిలబెట్టేశావే, కాళ్లు లాగేస్తున్నాయి. ఈ పిల్లెవరో కానీ పడవ ఎక్కించింది. పోనీవే, సముద్రం చూడనీ," అన్నారు.

(నీళ్ల గ్లాసు అందుకుని)

మంచినీళ్లు ఒక్క గుక్క. లేదు డాక్టరుగారూ, బాగానే ఉన్నాను.

తలుపు తెరిచినా షరతులు పెడదామని మొన్న కాగితాలు కూడా ముందేసుకున్నాను. ఆవిడని ఏడిపించకండి, ఆవిడకి ఎవరిచేతా బుద్ధి చెప్పించకండి, అలా చాలా రాశాను. ఇప్పుడు ఈ సంచీలోనే ఉన్నాయి. చదవను. షరతులతో తెరిచే తలుపు తెరిచినట్టు కాదని ఇక్కడ మీ ముందు నిలబడ్డాకే అర్థమైంది.

కాబట్టి, మాస్టారూ, రాసుకోండి. మందుల షాపావిడ తలుపు తెరిచే వెళుతున్నాను. ఇక ఎవరూ నన్ను అడగక్కర్లేదు. తుఫానూ, తాళంచెవి నదిలోనే ఉండనీ.

(చప్పట్లు)

ఒక్క మాట చెప్పి దిగుతాను. ఈ హాలు ఇచ్చి, మన కేకలకి ఇరుగుపొరుగుల చేత మాటలు పడ్డ డాక్టరుగారికి, నాతో పోట్లాడి కూడా మర్నాడు ఫోన్ చేసి తిన్నావా అని అడిగినవాళ్లకి, నా అనుమానాలన్నీ భరించిన మా ఇంట్లోవాళ్లకి, ముఖ్యంగా ఇవాళ మోకాళ్ల నొప్పితో ఇన్ని మెట్లెక్కిన అత్తయ్యకి కృతజ్ఞతలు. ఇంతకాలం షాపావిడకి రేపేం జరుగుతుందో నాకు ముందే తెలిసేది. ఆవిడ సముద్రం చూసి ఏమంటుందో నాకిప్పుడు తెలియదు. తిరిగొస్తుందో, అక్కడే ఇంకో షాపు పెట్టుకుని అక్కడివాళ్లని కూడా తిట్టి పంపిస్తుందో తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే దయచేసి నాకు ముందుగా చెప్పకండి, చెవిలో కూడా వెయ్యకండి. వచ్చే ఆదివారం కొత్త ఊళ్లో, సామాను ఇంకా విప్పని ఇంట్లో, నేనూ మీ అందరిలాగే కొత్త అధ్యాయం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాను. కాస్త పొద్దున్నే పెట్టమ్మా తుఫానూ. ఇక నేను చదివేవాళ్ల వరసలోకి వెళ్లి కూర్చుంటాను, సెలవు.