గీటురాయికి అందని ప్లాటినం

ఎస్సై గారికి,

నా రాత బాగుండదు, తప్పులు కూడా ఉంటాయి, మన్నించాలి. పొద్దున ఏం చూశావని మీరు అడిగారు. రాసిస్తానంటే కాగితం ఇచ్చారు.

నా పేరు గండయ్య, తండ్రి పోశయ్య. వయసు అరవై తొమ్మిది. నాచారం ఊరివాణ్ణే. ఊరి బడిలో ఐదు వరకు చదివాను. నాచారం పారిశ్రామికవాడలో ఒక ల్యాబ్‌లో గాజు సామాను కడుగుతాను.

మా ల్యాబ్‌లో పనిచేసే పద్మశ్రీ మేడం ప్లాటినం అమ్ముకున్నారని మేనేజర్ మహిపాల్ సార్ ఫిర్యాదు ఇచ్చారు. మేడం పొద్దుటి నుంచి మీ బెంచీ మీదే ఉన్నారు. నేను చూసింది రాస్తున్నాను.

సోమవారం మేడం ప్లాటినం ఉప్పు సీసా విప్పారు. నారింజ రంగులో ఉంటుంది. నీళ్లలో కలిపి, నల్లటి కార్బన్ పొడి తిరుగుతున్న గిన్నెలో చుక్క చుక్కగా వదిలారు. తిండికి కూడా లేవలేదు. ఖాళీ సీసాలో నీళ్లు పోసి తొలిపి, అవీ అందులోనే పోశారు. మళ్లీ తొలిపారు, మళ్లీ పోశారు. సీసా నా చేతికి వచ్చేసరికి కడగడానికి ఏమీ లేదు. మరునాడు పొడిని ఆరబెట్టి, గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు పంపుతూ గొట్టం కొలిమిలో కాల్చారు. బయటికి వచ్చింది నల్లగానే ఉంది.

"ప్లాటినం ఏది మేడం? జర చూపియ్యుండ్రి" అన్నారు సార్.

"గా పొడిలనే ఉన్నది సార్."

"ఉంటే కనవడదా?"

నిన్న బుధవారం సార్ ఆ పొడి ఉన్న గాజు బుడ్డితో నన్ను ఉప్పల్‌లో కంసాలి దుకాణానికి తీసుకెళ్లారు. కంసాలి చిటికెడు తీసి గీటురాయి మీద రుద్దాడు.

"ఏంది సార్, గిది బొగ్గు. ఇడిసిపెట్టి పోతే నా కుంపట్ల ఏసుకుంట" అని నవ్వాడు.

"పారెయ్ గండయ్యా" అని బుడ్డి నా చేతిలో పెట్టి, సార్ మీ స్టేషన్‌కు వచ్చారు.

నేను పారేయలేదు. పోయిన నెల ఇలాగే చేసిన పొడిని మేడం ఒక పెద్ద మైక్రోస్కోపు దగ్గరికి తీసుకెళ్తే, పెట్టె మోయడానికి నేనూ వెళ్లాను. తెర అంతా నలుపు. అందులో తెల్లటి చుక్కలు. ఒక్కొక్కటి విడివిడిగా. ఒకదాన్నొకటి తాకలేదు.

"తాతా, ఒక్కో చుక్క ఒక్కో ప్లాటినం పరమాణువు. బంతిల ఒక్కో ఇస్తరాకు ముందట ఒక్కరే కూసుంటరు గద, గట్ల. కుప్పవడితే లోపలియి రసాయనాలకు తగలవు, పనికి రావు. గిట్ల కూసుంటే అన్నీ పనిజేస్తయి" అన్నారు మేడం.

"ఇస్తరాకులు ఎవరేసిన్రమ్మా?"

"కార్బన్‌ల నైట్రోజన్ కలిపినం. గదే ఇస్తరాకు."

నేను తల రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాను. ఎందుకో తెలియదు. ఒక్కొక్కటి విడివిడిగా ఉన్నాయి.

నిన్న ఉప్పల్ నుంచి షేర్ ఆటోలో బుడ్డిని రెండు చేతులా పట్టుకుని వచ్చాను. "ఏంది పెద్దయ్యా, గంత పైలంగ వట్టుకున్నవ్?" అని పక్కనున్న ఆమె అడిగింది. "బొగ్గు" అన్నాను. అంతకంటే చెప్పడం చేతకాలేదు. ఆటో కుదిపినప్పుడల్లా ఆ చుక్కలు బంతిలోంచి లేస్తాయేమోనని భయపడ్డాను.

ఆ బుడ్డి ఈ కాగితంతో ఇస్తున్నాను. దుకాణంలో పెట్టిన మూత నేను తీయలేదు. దీన్ని గీటురాయికి కాక ఆ పెద్ద మైక్రోస్కోపుకు పంపండి.

పైన రాసిందంతా నేను కళ్లారా చూసిందే. ఈ బుడ్డిలోని చుక్కలు మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు. అవి ఉన్నాయని నేను సంతకం పెడుతున్నాను. జవాబు త్వరగా చెప్పండి. మేడం ఇంకా బెంచీ మీదే ఉన్నారు.

(సంతకం) గండయ్య