గదంతా ఒకే కార్డు

గ్రంథాలయంలో కంప్యూటర్ల గది. దాన్ని నడిపే వదిన, పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన మరిది.

“మళ్లీ చూడు. సరిగ్గా చూడు.”

“ఎన్నిసార్లు చూసినా అంతే వదినా. ఆన్‌లైన్ పుస్తకాలు, వీడియో పాఠాలు, పాత పరీక్ష పేపర్లు... ఇంత పెట్టించాం. ఏడాది పొడుగునా వాడింది ఒకే ఒక్క మనిషి!”

“గది నిండా జనం ఉంటారయ్యా!”

“ఉంటే ఉండొచ్చు. కంప్యూటరుకి ఒక్కరే కనిపిస్తున్నారు. ఒక్కరి కోసం ఇదంతా ఎందుకు, సాయంత్రానికల్లా తీసేయమన్నారు పైవాళ్లు.”

“తీసేస్తే ఎలా? వచ్చే వారం పరీక్ష ఉంది.”

“ఎవరికి?”

“ఉంది. ఉన్నవాళ్లకి ఉంది.”

“సరే, ఆ ఒక్క మనిషీ ఎవరో కూడా చూశాను. నువ్వే.”

“నేను చదువుకోకూడదా ఏం?”

“చదువుకో, ఎవరొద్దన్నారు? కానీ ఒకే గంటలో గేదెల జబ్బులు, మోటారు మరమ్మతు, నర్సింగు, అకౌంట్సు... అష్టావధానం చేస్తున్నావా వదినా?”

“వెటకారాలు చాలు. అందరికీ నా కార్డు మీదే తెరిచి ఇస్తున్నాను.”

“అమ్మా తల్లీ! కొంప ముంచావు కదా. ఎవరి కార్డు వాళ్లకి ఎందుకు పెట్టాం మరి?”

“పెట్టారు, బాగానే పెట్టారు. తెరిచిన ప్రతిసారీ ఓటీపీ అంటారే, అదెక్కడికి పోతుంది?”

“వాళ్ల ఫోనుకి.”

“ఏ ఫోనుకి? ఇక్కడికొచ్చే ఆడవాళ్లలో సగం మందికి సొంత ఫోనుంటేగా! పోయేది మొగుడి ఫోనుకి.”

“అయితే ఏం? ఫోన్ చేసి ఆ నంబరేదో అడిగితే సరి.”

“అడిగితే ‘నువ్వక్కడేం చేస్తున్నావ్’ అంటాడు.”

“చదువుకుంటున్నానని చెప్పొచ్చుగా?”

“చెప్పడం నీకంత తేలిక. నర్సింగు పరీక్షకి చదివే పిల్ల ఒకతె ఉంది. కార్డు కోసం వచ్చి, ఫోను నంబరు అడిగేసరికి ‘వద్దులే అక్కా’ అని లేచిపోయింది. చెయ్యి పట్టుకుని నేనే కూర్చోబెట్టాను.”

“ఇంట్లో అడిగి చూసిందా?”

“అడిగిందట. ‘ఇప్పుడు నీకు చదువెందుకు, ఇంట్లో ఏం తక్కువైంది’ అన్నాడట.”

“వాడెవడో గాని మూర్ఖుడు.”

“మూర్ఖుడేం కాదు. నెమ్మదస్తుడే. ఒక్క మాట తూలడు. అందుకే ఆ పిల్లకి ఎదురు చెప్పాలంటే నోరు రాదు.”

“ఇవన్నీ నేను పైకి రాయలేను వదినా! ఎవరి కార్డు మీద వాళ్లు చదివితేనే ఈ గది నిలుస్తుంది. ఇవాళే అందర్నీ నమోదు చేద్దాం. ముందు ఆ నర్సింగు పిల్ల.”

“ఆ పిల్లని వదిలెయ్.”

“ఎందుకు వదలాలి?”

“వదిలెయ్యమంటున్నానా!”

“కుదరదు. నంబరివ్వు, వాళ్లాయనతో నేనే మాట్లాడతా. నేను చెప్తే వింటాడు.”

“వింటాడంటావా?”

“వినకపోతే నాలుగు దులుపుతా. ఇవ్వు, ఇవ్వు.”

“ఇవ్వడం దేనికి నాయనా? ఆ ఫోను నీ జేబులోనే ఉంది.”