పక్కన జాగ

సోమవారం పొద్దున, నస్పూర్. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణికి పోవాలని యాదవ్వ తన బిడ్డ ప్రవళికను మంచం మీద కూర్చోబెట్టి జడ అల్లుతున్నది. ప్రవళికది ఎనిమిదో తరగతి. పుట్టుకతోనే కాళ్లలో సత్తువ లేదు.

“మల్లొక్కసారి చెప్పు. కలెక్టర్ సార్ ముంగట ఏమంటవ్?”

“గుంజకు అవ్వా, నొస్తుంది.”

“నొయ్యనియ్యి. ఏమంటవ్?”

“మా అవ్వ నాతోని బడిల కూసోవాలె అంట.”

“ఇంకా?”

“కొత్తగ పెట్టిన ఆయా నాకు వద్దంట.”

“గట్ల నేల చూసుకుంట కాదు. జర కండ్లల్ల నీళ్లు కనబడాలె.”

“రాకుంటే?”

“వస్తయ్. ఆరేండ్లు నిన్ను సంకనేసుకొని బడికి తిరిగిన. అది యాది జేసుకో, అవే వస్తయ్.”

“ఊఁ.”

“ఆయా గురించి ఏం చెప్తవ్? బాలలక్ష్మి గురించి?”

“ఏం చెప్పాలె. మంచిగనే చూస్తది.”

“మంచిగనా? నిన్నగాక మొన్న వచ్చింది. నీ నడుము ఏడ పట్టి లేపాల్నో ఎరికనా దానికి?”

“అడుగుతది. నన్నడిగి పడుతది.”

“నేనెప్పుడన్న అడిగిన్నా? అడగకుంటనే ఎరికయ్యేది నాకు.”

“అవు. నువ్వెప్పుడు అడగలే.”

“మొన్న నీళ్ల సీసా ఖాళీగ వచ్చింది. ఒలకబోసిందా?”

“తాగిన.”

“అబద్ధాలు చెప్పకు. ఆరేండ్లల్ల బడిల ఒక్క గుక్క తాగలే నువ్వు. బతిమిలాడినా తాగలే.”

“దూప కాకుండె.”

“ఇప్పుడైతుందా?”

“ఎండలు ముదిరినయ్ గద.”

“హెడ్మాస్టర్ సదానందం సార్ నన్ను గేటు కాడనే ఆపిండు. ఆరేండ్ల సంది అక్కా అక్కా అన్నోడు. చట్టంల ఉన్నదట, బడే మనిషిని పెట్టాలట, తల్లిని పొద్దంత కూసోబెడితే తప్పట. నేను మోసినన్ని రోజులు ఏడ పన్నదే గా చట్టం?”

“ర్యాంపు గూడ కట్టిండ్రు అవ్వా. చక్రాల కుర్చి గూడ...”

“కుర్చి, కుర్చి. బడి దాటి బయటికి రాని కుర్చి. చట్టం కన్నదా నిన్ను?”

“నేనేమన్న అన్ననా?”

“ఇదంత గా గ్రేస్ టీచర్ పని. వారానికోసారి వచ్చి నీతోని కాళ్లు ఆడిచ్చి పోయేదానికి పెత్తనం ఎక్కువైంది. ఇయ్యాల దాని పేరు గూడ చెప్త. తల్లీబిడ్డలను ఎడబాపింది అని చెప్త. టెంపరరీ నౌకరే గద. ఊడుతది.”

“టీచర్ పేరెందుకు?”

“నేను బడిల కూసుంటున్ననని పైకి చెప్పింది అదే గద.”

“ఆమె కాదు.”

“నీకెట్ల ఎరుక?”

“కాదన్న గద. ఆమె పేరు తియ్యకు.”

“మరి ఎవలు? బాలలక్ష్మా? నౌకరి కోసం?”

“రిబ్బన్ కట్టు. ఆలస్యమైతుంది.”

“ఎవలు చెప్పిండ్రు, ప్రవళికా?”

“నువ్వు మైసయ్య తాత సావుకు పోయినవ్ చూడు, నన్ను బడిల దించి. గా రోజు మంచిర్యాల నుంచి ఒక మేడం తనిఖీకి వచ్చింది. అందరి పేర్లు అడిగింది. నా పేరు గూడ అడిగింది. నేనే చెప్పిన.”

“పేరే గద. అయితే?”

“ఎవలు అడిగినా నువ్వే చెప్తవ్ నా పేరు. గా రోజు నేను చెప్పిన. బడిల ఏమన్న తక్లీఫ్ ఉన్నదా అని అడిగింది మల్ల.”

“ఏమన్నవ్?”

“ఏమంటరు...”

“ఏమన్నవే?”

“మా అవ్వను ఇంటికాడ ఉండనియ్యిన్రి అన్న.”

“నా నడుము నొస్తున్నదని అన్నవ్. నా మీద పావురంతోని, ప్రేమతోని అన్నవ్. గంతే గదా?”

“గట్లనే అనుకో.”

“అనుకునుడు కాదు. చెప్పు.”

“నన్ను బాత్రూంకు ఎత్తుకపోయినప్పుడల్ల వరండల ఎవలో ఒకలు ఎదురయ్యేది. దేవుడు ఈ బరువు నాకే రాసిండు అని వాళ్లతోని అంటుంటివి. క్లాసుల ఉన్నోల్లంత ఇంటుండిరి. గందుకే దూప కాకుండె.”

“నోటికొచ్చే మాట అది. ఎవలైనా అంటరు.”

“నాకెరికే.”

“బీడీలు చేసుడు ఇడిసిపెట్టి నీ పక్కన కూసున్న. తెలుగు సార్ చెప్పే పద్యాలు నాకు గూడ సగం నోటికొచ్చినయ్. ఇప్పుడు పొద్దంత ఇంట్ల ఏం జెయ్యాలె నేను? రెండు చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు. ఉత్తగనే నీ దుప్పటి మడతపెడుత, మల్ల ఇప్పుత.”

“దీపిక కూసుంటుంది నా పక్కన ఇప్పుడు.”

“ఇప్పుడు కూసుంటరు, ఎందుకు కూసోరు. ఇన్నేండ్లు ఒక్క పిల్లన్న వచ్చిందా నీ పక్కకు? నేను గాకుంటే ఎవలుండిరి నీకు?”

“జాగ లేకుండె అవ్వా. నువ్వుంటివి.”

“తల తిప్పకు. రిబ్బన్ జారుతుంది.”

“ఇయ్యాల పోవద్దు. నన్ను బడి కాడ దించుమను ఆటోను.”

“పోవుడే. పోయి చెప్పుడే.”

“పోతే నేను ఇప్పుడు చెప్పిందే చెప్త. టీచర్ తప్పు లేదని గూడ చెప్త.”

“చెప్తవా?”

“చెప్త.”

“ఎట్ల చెప్తవ్? గా సార్ ముంగట దాకా నిన్ను ఎత్తుకపోయేది ఎవలు? నేను గాదా?”

“గందుకే చెప్పిన అవ్వా, గా మేడంకు.”