కాసులమ్మ కర్రసేప

కాసులమ్మ ఉందే, రంగు కలపడంలో దాన్ని మించినోళ్ళు మా గుల్లలపాలెంలోనే కాదు, సుట్టుపక్కల ఏ పాలెంలోనూ నేరు. ఇది నా మాట కాదు, అదే అనీది. అడిగినోళ్ళకీ అనీది, అడగనోళ్ళకీ అనీది. పొద్దున్న సేపల గంప నెత్తినెట్టుకోని ఊళ్ళు తిరిగీది, మద్దేనం గంప దించీసి రోడ్డు మీదున్న తమ్ముడి షెడ్డుకి పోయీది. తమ్ముడు అప్పలకొండ మోటారుసైకిళ్ళకి రంగులేస్తాడనుకో. ఆడి దగ్గిర ఓ సిన్న గన్ను ఉండీది. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోవాల. ఎనకాల గాలి మిషను గొట్టం, పైన ఉగ్గుగిన్నంత గిన్నె. ఆ గిన్నెలో రంగు పోసి మీట నొక్కితే మంచు పడినట్టు సన్నగా పడతాది. ఆడు దాంతో టాంకుల మీద పులిబొమ్మలు ఏసీవోడు. కాసులమ్మ పక్కన కూకోని సూసి సూసి, ఓ రోజు ఆడి సేతిలో గన్ను లాక్కోని తనే ఏసీసిందంట. ఏమైందంటే, ఆ పులి తమ్ముడేసిన పులి కన్నా పులిలాగ ఉంది. అప్పా, ఇంక నువ్వే ఏసీ, నాను గాలి మిషను సూసుకుంటాను అన్నాడంట ఆడు. మరి గర్వం ఉండదేటి? ఉంటాది. నాకైనా ఉంటాది.

ఇంక దాని మొగుడు దానియ్య. మాట మెత్తన, పనికి గట్టి. మేనమావ ఎర్రన్న పడవ మీద యాటకెళ్ళీవోడు. ఎర్రన్నంటే ఎవరనుకున్నారు, పడవా ఆడిదే, పడవ మీద మాటా ఆడిదే. ఓ యేడు వల లాగతా ఉంటే మోకు సుట్టుకోని దానియ్య కుడి బుజం పట్టు తప్పీసింది. కట్టు కట్టించినారు, నూనె రాసినారు, ఏటి సేసినా సెయ్యి బుజం దాటి పైకి లెగనేదు. మేనమావ కాబట్టి ఎర్రన్న కొన్నాళ్ళు ఊరుకున్నాడు. ఆ పైన పిలిసి, అల్లుడూ, గంగమ్మ పండగ దాకా సూస్తానురా, అప్పటికీ ఇలగే ఉంటే నీ సోటులో ఇంకోడిని ఎట్టుకుంటాను, వల లాగలేనోడిని ఎన్నాళ్ళు మోసుకు తిరగను అన్నాడు. అన్నాడంటే అన్నాడు, ఆడి తప్పు నేదు. పడవలో సోటు పోతే మావోళ్ళకి ఇంకేటి ఉంది? గుజరాతే. పండగ మర్నాడు కూలోళ్ళని తీసుకెళ్ళీ మేస్త్రి బస్సు తెస్తాడు, ఎక్కించుకుపోతాడు, అక్కడ, ఇలగ సెయ్యి లెగనోడైతే, ఎవుడి పడవ మీదో వొంట సెయ్యాల. ఎళ్ళినోడు మళ్ళీ ఎండలు ముదిరితే గానీ ఇల్లు సూడడు. దానియ్య మేస్త్రికి సరే అనీసినాడు. కాసులమ్మ మాత్రం, నాను ఒల్లను, ఆడు నేని ఇంట్లో నాకు ముద్ద దిగదు అంది. నలుగుర్లోనే అంది. సిగ్గు పడనేదు. మొగుణ్ణి ఉంచుకుంటానంటే సిగ్గెందుకు? ఏటే అలగ నవ్వుతావు, నీకు పెళ్ళైతే తెలుస్తాది.

అప్పుడు అది ఏటి ఆలోసించిందంటే, వల లాగడానికి రెండు సేతులు కావాల, గాలం లాగడానికి ఒక సెయ్యి సాలు కదా. పడవ ఎళ్ళినప్పుడూ వొచ్చినప్పుడూ ఎనకాల ఓ గాలం తాడు వొదిలీసి, దాని కొసకి బొమ్మసేప కట్టి ఈడిస్తే, కోనెం వొచ్చి మింగుతాది. కోనెం అంటే మీ పట్నమోళ్ళు వంజరం అంటారే, అదే. మరి పట్నంలో దొరికీ ప్లాస్టిక్కు సేపలు కట్టరాదా అంటే, ఆ కోనెం పళ్ళు మీరు సూడనేదు. రంపం. ఓ దెబ్బకి తాడూ పోతాది, సేపా పోతాది. పూటకోటి కొనలేరు. కాబట్టి మనమే సేసుకోవాల అంది కాసులమ్మ. సముద్రం ఒడ్డున పాత తెప్ప ఒకటి ఇరిగి పడుంటే, దాని దుంగ తేలిక, నీళ్ళలో బాగా ఈదుతాదని, దానియ్య ఎడం సేత్తో కత్తెట్టి కవ్వళ్ళ సైజుకి సెక్కినాడు. కవ్వళ్ళంటే ఎండిలాగ మెరిసీ సిన్న సేపలు, కోనేనికి అవంటే ప్రాణం. సెక్కడం ఆడిది, రంగు దీనిది.

రంగు ఎలగ ఏసిందనుకున్నారు! గంపలోంచి మంచి కవ్వళ్ళు ఏరి గిన్నెలో ఎట్టుకుంది. ఎదురుగా ఎట్టుకోని సూసి కలిపింది. తెలుపులో సుక్క నలుపు, అందులో గోరంత నీలం, టిన్నరు పోసి పల్సన సేసి, కాయితం మీద కొట్టి, సేప పక్కన ఎట్టి, కాదు అని, మళ్ళీ కలిపి, మళ్ళీ కొట్టి. ఈపుకి సీసం రంగు, పొట్టకి పాలిపోయిన తెలుపు, కంటికి మసక ఎరుపు. ఎంత బాగా దిగిందంటే, కర్రసేపా అసలుసేపా పక్కపక్కన ఎడితే అప్పలకొండ అసలుదాన్నే పట్టుకోని, అప్పా, దీని తోక సరిగ్గా రానేదు అన్నాడంట. కాసులమ్మ పొంగిపోయింది.

ఇంకేటి, దానియ్య తీసుకెళ్ళి కట్టినాడు. పొద్దంతా ఈడిసినాడు. నేదు. మర్నాడు ఇంకోటి కట్టినాడు. నేదు. ఆ మర్నాడూ అంతే. కోనేలు పడవ పక్కనుంచే ఎగిరెగిరి పోతన్నాయి, ఇటు కన్నెత్తి సూడవు. పడవలో కుర్రోళ్ళు నవ్వినారు. ఎర్రన్న నవ్వనేదు గానీ, ఆడదాని సెయ్యి తగిలిన గాలానికి సేప రాదురా, ఆడది పడవెక్కకూడదని పెద్దోళ్ళు ఊరికే అన్నారేటి అన్నాడంట. అక్కడ అలగుంటే, ఇక్కడ ఇంటి కాడ ఇంకో గోల. రంగు ఆరడానికి కాసులమ్మ కర్రసేపల్ని దండెం మీద ఏలాడదీసింది. ఇంకా గాలం ముల్లు కట్టనేదు, ఉత్త కర్రే. కాకులొచ్చి ఓటి ఎత్తుకుపోయినాయి. పిల్లి వొచ్చి ఇంకోటి నోట కరుసుకోని పాక మీదకి ఎక్కీసి, కొరికితే కర్ర, వొదిల్తే మనసొప్పదు, పొద్దుగూకీ దాకా దాని ముందే కూకుంది. ఎదురింటి తోటికోడలు సూసి, మా కాసులమ్మ సముద్రం మీద పిల్లుల్ని పడతాదంట అని ఊరంతా సాటింది. మొగుడు కొట్టినందుక్కాదు, తోటికోడలు నవ్వినందుకు అని మనకి సామెత ఊరికే పుట్టిందా? ఎవులైనా అయితే అక్కడితో గన్ను పారేసి ఏడుద్దురు. అది అలగ కాదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనీ రకం. పిల్లికి తెలిసింది, కాకికి తెలిసింది, ఆ కోనేనికే కళ్ళు నేవు అని తిట్టుకుంటా గుమ్మంలో కూకుంది.

కూకోని ఆ పిల్లినే సూస్తా ఉందంట. సూస్తా సూస్తా, ఈ పిల్లి తినీది ఏటి, మనం పారేసిన సేప. కాకి తినీది ఏటి, ఒడ్డున పడున్న సేప. మరి కోనెం తినీది ఏటి అనుకుంది. అనుకోగానే లెగిసి నిలబడిపోయింది. ఓలమ్మ, నాను సచ్చిన సేపని ఏసినాను అంది. సూసినారా మరి! పుట్టి బుద్దెరిగినప్పుట్నుంచీ సేపల్లోనే ఉంది, అది సూసిందంతా గంపలో సేపే. గంపలో సేప సచ్చిన సేపే కదా. ఆడదాన్ని పడవెక్కనివ్వరు, నీళ్ళలో ఈదీ సేప దానికెలగ తెలుస్తాది? సచ్చిన సేప రంగు కలపడంలో దాని అంతటోళ్ళు నేరు, అది నిజమే. బతికిన కోనేనికి సచ్చిన సేప ఎందుకు?

అయితే పడవెక్కకూడదు అన్నారు గానీ నీళ్ళలో దిగకూడదని ఎవరూ అననేదు. మా ఒడ్డున పెద్దవల ఏస్తారు తెలుసు కదా, పడవ మీద తీసుకెళ్ళి సుట్టూ ఏసీసి, రెండు కొసలు ఒడ్డు నుంచి లాగుతారు. ఆడోళ్ళు గంపలట్టుకోని ఒడ్డున నిలబడతారు. కాసులమ్మ మాత్రం గంప ఎట్టుకెళ్ళనేదు. రంగుడబ్బాలు కొంగున కట్టుకోని ఎళ్ళింది. పండగ ఇంక దగ్గిర పడిపోయింది. వల ఒడ్డు కాడికి వొచ్చీసరికి సీర ఎగ్గట్టి నడుం లోతు నీళ్ళలోకి దిగిపోయింది. ఓసి ఎర్రిదానా, కెరటం కొడతాది రా అని అందరూ కేకలు. అది వినదు. వల లోపల కవ్వళ్ళు సుట్లు తిరుగుతున్నాయి. ఒంగోని సూసింది. అమ్మ నా గంగమ్మ తల్లీ, అవేనా గంపలో సేపలు! ఈపు నెమలి మెడలాగ పచ్చా నీలం కలిసి ఉంది. మొప్పల ఎనకాల బంగారం సుక్క, ఆ సుక్క నుంచి తోక దాకా పసుప్పచ్చని గీత. పొట్ట ఎండి కూడా కాదు, నీళ్ళు ఏ రంగులో ఉంటే ఆ రంగు. ఒడ్డున పడి నాలుగు కొట్టుకునీసరికి ఆ గీత పోతాది, ఆ సుక్క పోతాది. గంపలో పడీసరికి సీసం రంగే. అందుకే మనకెవరికీ తెలీదు.

అక్కడ గన్నెక్కడిది, గాలి మిషనెక్కడిది? ఏలితో రంగు తీసి ముంజేతి మీద రాసుకుంది. రాసుకోని సెయ్యి నీళ్ళలో ముంచి, వల పక్కన, సేప పక్కన ఎట్టింది. పచ్చ ఎక్కువైంది. ఆ పక్కన ఇంకో గీత, నీలం కలిపి. తేలిపోయింది. ఇంకో గీత. అలగ మణికట్టు నుంచి మోసేతి దాకా రాసుకుంటా పోయింది, కెరటం మీద కెరటం కొడతా ఉంది, అది సూసుకోదు. వల లాగీవోళ్ళు తిట్టినారు, నవ్వినారు, తోటికోడలు బుగ్గలు నొక్కుకుంది. ఆకరికి మోసేతి కాడ ఓ రంగు కుదిరింది. నీళ్ళలో ఎడితే ఆ గీత సేతి మీద ఉందో సేప మీద ఉందో తెలీనేదంట. నీళ్ళలోంచి లెగిసి, తడిబట్టల్తోనే, ఆ సెయ్యి దేనికీ తగలకుండా ఎత్తి పట్టుకోని, రోడ్డు దాకా నడుసుకుంటా షెడ్డుకి ఎళ్ళిపోయింది. ఒరే తమ్ముడూ, గాలి పట్టు అంది.

కర్రసేపకి ముందు తెలుపు కొట్టింది. ఆరినాక ఎండిరంగు. ఆ పైన దానియ్య పాతవల ముక్క, సన్న కన్నులది, సేపకి బిగించి సుట్టి, దాని మీంచి నీలం పచ్చా కలిపి దూరం నుంచి పొగలాగ కొట్టింది. వల తీసీసరికి పొలుసులు! ఒక్కో కన్ను ఒక్కో పొలుసు. తరవాత మోసెయ్యి సూసుకుంటా బంగారం గీత, మొప్ప ఎనకాల సుక్క. అప్పలకొండ దాన్ని ఎండలో తిప్పి సూసి, ఇదేటప్పా, ఇది కవ్వళ్ళలాగ నేదు, మనం ఇలాంటిది ఎప్పుడూ తిననేదు అన్నాడంట. అదేరా కావలిసింది అంది కాసులమ్మ.

ఇంతా సేసి సూస్తే గంగమ్మ పండగ రానే వొచ్చీసింది. పండగనాడు యాట నేదు. ఇంక మిగిలింది బస్సు ఎళ్ళీ రోజే. దానియ్య బట్టలు సంచిలో కట్టి గుమ్మంలో ఎట్టీసినాడు. కాసులమ్మ ఆ తెల్లారుజామునే ఎర్రన్న ఇంటికెళ్ళి, మావా, ఈ పొద్దు ఒక్కసారి ఆణ్ణి తీసుకెళ్ళు, మద్దేనానికి తిరిగొచ్చీసి బస్సెక్కుతాడు అంది. ఎర్రన్న కర్రసేప వంక సూసినాడు, కాసులమ్మ మొకం వంక సూసినాడు, ఆకరి యాట కదా, రానీ అన్నాడు. తెల్లారకుండానే పడవ ఎళ్ళింది.

మద్దేనం అయింది. బస్సొచ్చింది, పడవ రానేదు. ఎళ్ళీవోళ్ళంతా ఎక్కీసినారు, ఆడోళ్ళు ఏడుస్తన్నారు, మేస్త్రి పేర్లు పిలస్తన్నాడు. దానియ్య, దానియ్య అని అరిసినాడు. కాసులమ్మ బస్సు మెట్టు కాడ నిలబడి ఉంది, సంచి సంకలో ఉంది. మేస్త్రి మంచోడు, ఇంకాసేపు ఆగుతానమ్మా అన్నాడు. అందరూ సముద్రం వంకే సూస్తన్నారు. పొగ నేదు, జెండా నేదు, పడవ జాడే నేదు. అప్పుడు అది ఏటన్నాదో తెలుసా? "నువ్వు ఎళ్ళిపో అన్నా, మావోడు రాడు" అంది. ఇంకా పడవే రానేదు, సేప పడిందో నేదో ఆ గంగమ్మకే తెలియాల, ఇది బస్సుని పంపించీసింది! ఎర్రెక్కిందే నీకు, ఈ బస్సు పోతే ఇక్కడ పడవ నేదు, అక్కడ కొలువు నేదు, ఇద్దరూ ఏటి తింటారు అని తోటికోడలే సెయ్యి పట్టుకుంది. అప్పుడు నవ్వనేదు మరి. కాసులమ్మ ఇంటికెళ్ళి సంచి ఇప్పి, బట్టలు తీసి దండెం మీద ఏసీసి, ఒడ్డుకొచ్చి కూకుంది.

పొద్దు వాలుతుంటే వొచ్చింది పడవ. దానియ్య ఒడ్డు ఇంకా రాకుండానే దూకీసి, నీళ్ళలో పడతా లెగస్తా పరిగెత్తుకొచ్చినాడు. సేప సంగతి సెప్పనేదు. "బస్సేదే?" అన్నాడు. "పంపించీసినాను" అంది. ఎనక పడవలో ఎర్రన్న ఓ కోనేన్ని మొప్పల్లో ఏలెట్టి పైకెత్తినాడు, దాని తోక పడవ అంచుని రాస్తంది. ఇంకా కింద ఉన్నాయంట, అందుకే ఆలీసం అంట, ఒకదాని మీదొకటి పడతా ఉంటే ఎర్రన్నే తిరిగి రానివ్వనేదంట. కర్రసేప సగం రంగు ఊడిపోయి, పళ్ళ గాట్లతో ఉంది. దానియ్య అవేటీ సూడడు. పెళ్ళాం మొకమే సూస్తన్నాడు. "నాను రాకముందే పంపించీసినావా? సేప పడకపోతే ఏటి సేద్దువే?" అన్నాడు. "పడదనుకుంటే ఆ రంగు ఎందుకేస్తానయ్యా" అంది. అనీసి అప్పుడు ఏడిసింది. అంతవరకూ ఏడవనేదు.

దానియ్య ఇప్పటికీ ఎర్రన్న పడవ మీదే ఉన్నాడు, గాలం ఆడిది, వల మిగతావోళ్ళది. మా పాలెంలో ఏ పడవ ఎళ్ళినా ఎనకాల కాసులమ్మ సేప ఉండాల్సిందే. ఎర్రన్న ఏటంటాడో తెలుసా ఇప్పుడు? ఆడది పడవెక్కకూడదు అనీ మాట మాత్రం ఒదల్నేదు, పెద్దోళ్ళ మాట అంట. ఆడది ఏసిన సేప మాత్రం అందరి కన్నా ముందు ఎక్కాలంట. ఎక్కనీ. కోనెం దాన్ని మింగినప్పుడు ఎవరేసినారని అడిగిందేటి?