గోరువెచ్చటి గ్రేడు

గజపతినగరం దగ్గర పల్లెలో, అరుగు మీద కందికాయలు ఒలుస్తున్న నారాయణమ్మ. పక్కనే సెల్‌ఫోన్ చూసుకుంటూ, డిగ్రీ చదివే మనవరాలు యమున.

“తొమ్మిదొచ్చిందన్నావు. నాను వీదంతా సెప్పేసినాను.”

“ఎందుకు సెప్పేవు మామ్మా?”

“సెప్పనా మరి? నీలవేణికి సెప్పినాను, కొట్టోడికి సెప్పినాను. బస్సు కండక్టరుక్కూడా సెప్పినాను.”

“కండక్టరుకెందుకు?”

“అడిగినాడు.”

“టిక్కెట్టు అడిగుంటాడు.”

“అదీ అడిగినాడు. ఇప్పుడేటి, తొమ్మిది కాదంటావా?”

“ఈ సెమిస్టరుకి తొమ్మిదే. మొత్తం కలిపితే ఆరూ తొమ్మిది.”

“ఆరూ తొమ్మిదీ పదిహేను కదే.”

“అలా కలపకూడదు. ఆరు పాయింట్ తొమ్మిది. ఏడుంటేనే కంపెనీవోళ్ళు ఇంటర్వ్యూకి పిలుస్తారు.”

“తొమ్మిది తెచ్చుకున్న గుంటకి ఆరేస్తాడా? ఎవుడాడు?”

“ఎవుడూ కాదు, లెక్క అంతే. ఇప్పుడూ... సన్నీళ్ళున్న గోలెంలో ఒక బిందెడు మరిగిన నీళ్ళు పోస్తే ఏటవుతాది?”

“గోరెచ్చగవుతాది.”

“అదే నా గ్రేడు.”

“మరి సన్నీళ్ళెవులు పోసినారు?”

“నానే. పాత సెమిస్టర్లు.”

“అన్నీనా?”

“అన్నీ కాదు. మూడిట్లో ఏడు దాటినాయి. ఒకటే... నాలుగు.”

“నాలుగా? ఏదది?”

“రెండోది. పోనీలే, ఆ పరీక్షలు మళ్ళీ రాస్తాను. కొత్త గ్రేడొస్తే పాతది తీసేస్తారు. ఏడు దాటేస్తాది.”

“రాద్దువుగాని. అప్పుడేటి సేసినావు? సినిమాలకి తిరిగినావా?”

“నేదు.”

“ఎవుడైనా కుర్రోడా?”

“మామ్మా.”

“మరేటి?”

“ఏటీ నేదు. సదవనేదు. ఆ కాయలిటియ్యి, నాను ఒలుస్తాను.”

“ఉండు. ఎప్పుడయినాయి ఆ పరీక్షలు?”

“గుర్తు నేదు.”

“తొమ్మిదొచ్చిన బుర్రకి గుర్తు నేదా?”

“...ముందటేడు. ఎండాకాలం.”

“ముందటేడు ఎండాకాలం నా తుంటెముక ఇరిగి పెద్దాసుపత్రిలో ఉన్నాను కదా.”

“ఉన్నావు.”

“మంచం కాడ నువ్వే కూకున్నావు.”

“అమ్మకి పొలం పనులు కదా మామ్మా.”

“కాలేజీ నేదా అని రోజూ అడిగినాను నిన్ను.”

“అడిగినావు.”

“సెలవులన్నావు కదే, అమ్మా.”