ఏడుకొండలికి అడ్డమొచ్చిన వారాలు

ఏడుకొండలని ఒకడుండేవాడు, మంచాలకి నులక అల్లేవాడు. ఊళ్ళో ఎవరు ఏ మంచం మీద ఒరిగినా ఆ నులక వాడి చేతిదేనంట. మనిషి మంచోడు, భక్తిపరుడు. భక్తంటే మామూలు భక్తి కాదు, మీరు మీ అత్తలకి భయపడతారే, అంతకి రెండింతలు దేవుడికి భయపడేవాడనుకోండి. పొద్దున లేస్తే నుదుట నామాలు, శనివారం ఒక్కపొద్దు, రామమందిరంలో భజనకి తాళాలు కొట్టేది వాడే. నలభై దగ్గరపడతన్నాయి, పెళ్ళి మాత్రం లేదు. ఎందుకు లేదంటే వాడికొక అక్క ఉంది గదా, ఆదెమ్మ. తమ్ముడికి పిల్లని చూడటానికి పోయిన ప్రతిచోటా ఈ తల్లి, పిల్ల నడక బాలేదనో, నవ్వు ఎక్కువుందనో ఒక వంక పెట్టి, పెట్టిన జంతికలన్నీ తిని వచ్చేదంట.

అదే ఊళ్ళో చెంచమ్మని ఒకామె, మొగుడు పోయి ఆరేళ్ళయింది. ఊరి చివర రెండు బర్రెలు పెట్టుకుని పెరుగమ్ముకునేది. ఒకనాడు మంచం కుంగిపోయిందని ఏడుకొండల్ని పిలిచింది. ఒక మంచం అల్లడానికి ఎంతసేపు పడద్దే? మహా అయితే ఒక పూట. ఏడుకొండలు ఆ మంచాన్ని తొమ్మిది రోజులు అల్లాడంట! అల్లేది, బిగువు రాలేదని విప్పేది, మళ్ళీ అల్లేది. చూసి చూసి చెంచమ్మ, "ఏవయ్యా, మంచం కోసం వస్తన్నావా, నాకోసం వస్తన్నావా? మంచం కోసమైతే ఇంక చాల్లే" అంది. "నీకోసమే" అన్నాడు. ఆ ఒక్క ముక్క అనేసరికి వాడి చొక్కా అంతా తడిసిపోయిందంట చెమటకి. పెళ్ళి చేసుకుందామనీ వాడే అన్నాడు. దానికామె, "ఒకసారి తాళి కట్టించుకుని పదేళ్ళు తన్నులు తిన్నా. ఇంకోసారి మెడ వంచాలంటే ముందు ఆ మనిషెట్టాంటోడో చూసుకోవాల. రా, కూచో, అన్నం తిను, కబుర్లు చెప్పు. ఆ సంగతి తర్వాత చూద్దాం" అంది. తప్పా? తప్పైతే మీ ఇంటికి పోయి చెప్పుకోండి, నాకు చెప్పమాకండి.

ఇంక ఏమైందంటే, ఊరంతా చేలకి పోయిన మధ్యాన్నం పూట వాడు రావడం, తినడం, పోవడం. ఇద్దరికీ మనసుంది, ఇంట్లో అడ్డం లేదు. చెయ్యి పట్టుకుంటాడు, ఉన్నట్టుండి గుర్తొచ్చుద్ది: "ఈరోజు సోమారం గదా, శివుడు." ఇంకోనాడు మంగళారం, ఆంజనేయుడు, ఆయన అసలే బ్రహ్మచారి. గురువారం సాయిబాబా, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం అడగనే అక్కర్లా, తనకి పేరిచ్చిన సామే. ఆదివారం సూర్యుడు కిటికీలోంచి చూస్తన్నాడంట! చెంచమ్మ వేళ్ళు మడిచి చూసి, "బుధవారం ఎవరూ లేరు గదా, బుధవారం రా" అంది. ఏం చేస్తాడు, బుధవారానికి వాడికి దేవుడు దొరకలా. వచ్చాడు. తలుపేసింది. పక్కన చేరాడు గానీ ఒళ్ళు వాడి మాట వినలేదంట, మిగతా సంగతి నేను చెప్పక్కర్లా, పెళ్ళైనోళ్ళకి అర్థమైద్ది, కానోళ్ళు ముందరున్న మిరపకాయలకి తొడిమలు తియ్యండి. లేచి కూచుని, "గోడమీద పోలేరమ్మ పటం నన్నే చూస్తంది" అన్నాడు. ఆమె పటాన్ని గోడకి తిప్పింది. "ఇప్పుడు వింటంది" అన్నాడు. తీసుకుపోయి బర్రెల పాకలో పెట్టొచ్చింది. "అమ్మోరిని పేడలో పెట్టావా, ఇంకేమన్నా ఉందా!" అని లెంపలేసుకున్నాడు. "పోనీలే, మజ్జిగ తాగి పో" అంది ఆమె. అట్టా నాలుగు బుధవారాలు. "ఇదేమన్నా పరీక్షా ఏందయ్యా, పాసవడానికి?" అని నవ్వి చెప్పింది, కోప్పడి చెప్పింది. వాడికి ఎక్కలా.

ఇక్కడ చూడండి మొగోడి తెలివి. భయం ఎవరిది? వాడిది. పోయి ఎవరి మీద పెట్టాడు? పక్కూళ్ళో నాసరయ్యని దయ్యాలు దించేవాడుంటే, తాయెత్తు కట్టించుకుందామని పోయాడు. ఏందిరా నీ బాధ అంటే, నా బాధ ఇదీ అని చెప్పడానికి సిగ్గేసింది. "మా ఊరి చెంచమ్మ ఇంట్లో ఏదో ఉంది సామీ" అన్నాడు. నాసరయ్యకి అంతకంటే ఏం కావాల? కళ్ళు మూసుకుని, "చచ్చిపోయిన మొగుడు ఆమెని పట్టుకునుండాడు" అన్నాడు. సాయంత్రానికి ఆదెమ్మ చెవిన పడింది, తెల్లారేసరికి ఊరంతా పాకింది. చెంచమ్మ పెరుగు కుండ ఎత్తుకుని ఇల్లిల్లూ తిరిగితే ఒక్క తలుపు తీయలా. దయ్యం పట్టిన చేతి పెరుగంట, తింటే పిల్లలకి జొరమొస్తదంట. వారం రోజులు పెరుగంతా దిబ్బలో పోసింది. పెద్దమనుషులు కూచుని, ఆదివారం పొద్దున పోలేరమ్మ గుడి ముందర వేపమండలతో కొట్టి దించాలని తేల్చారు. కొట్టేది నాసరయ్య, తాళాలు వాయించేది ఎవరనుకున్నారు? మన ఏడుకొండలే!

ఆదివారం వచ్చింది. మిరపకాయల పొగ పెట్టారు, చెంచమ్మని మధ్యలో కూచోబెట్టారు. ఆమె ఏడుకొండల వైపు చూసి, "ఏవయ్యా, ఇప్పుడన్నా చెప్తావా?" అంది. వాడు తల దించుకుని తాళాల వంక చూస్తన్నాడు. నాసరయ్య మండ ఎత్తాడు. ఎత్తాడో లేదో, ఈమె జుట్టు విరబోసుకుని ఒక్క కేక పెట్టిందంట, వాడి చేతిలో మండ లాక్కుంది. "ఎవర్రా నన్ను కొట్టేది? నేను పోలేరమ్మని!" ఇంకేముంది, అందరికంటే ముందు నాసరయ్యే కాళ్ళ మీద పడ్డాడు. వాడి వెనక ఊరంతా పడింది. "నా బిడ్డ ఒంట్లో దయ్యమూ లేదు, భూతమూ లేదు. ఒకడు వాడి భయాన్ని నామీదా నా బిడ్డమీదా రుద్దాడు" అంది. ఏడుకొండలికి పైప్రాణాలు పైనే పోయినయ్. ఆమె గనక ఆ పూట నాలుగు బుధవారాల సంగతీ విప్పుంటే వాడు ఆ ఊళ్ళో తలెత్తుకుని తిరిగేవాడా? విప్పలా. వాడి మొహం చూసింది, ఆగింది. "ఏడుకొండలూ! నలభై రోజులు పగటిపూట పోయి నా బిడ్డకి సేవ చెయ్. బర్రెల్ని కడుగు, నీళ్ళు మొయ్. పక్కన కూచుని మనసులో మాట మాట్లాడు. అంతకు మించి వేలు కదిపావా, ఊరుకోను. ఊరోళ్ళు రేపట్నించి నాకు ఆ ఇంటి పెరుగే నైవేద్యం పెట్టాల" అంది. అందరూ సరే తల్లీ అన్నారు. ఆదెమ్మ ఊరుకుంటదా? చెంగు నోటికడ్డం పెట్టుకుని, "తల్లీ, తాళి లేకుండా మొగోడు ఆ గడప తొక్కితే ఎట్టా?" అంది. అమ్మోరు కళ్ళు పెద్దవి చేసి, "నాకు ఎవరు కట్టారే తాళి?" అంది. ఆదెమ్మ నోరు మూతబడటం ఆ ఊరోళ్ళు అదే మొదలు చూట్టం.

మర్నాటి నించి ఏడుకొండలు పోతన్నాడు, పాక ఊడుస్తన్నాడు, కుడితి పెడతన్నాడు. మొదటి నాలుగు రోజులు చెంచమ్మ వాడి మొహం చూళ్ళా. ఐదోనాడు వాడే వచ్చి కాళ్ళ దగ్గర కూచుని ఏడ్చాడంట. "నిన్ను దయ్యమన్నోణ్ణి. నీ మొగుడు పహిల్వాను లాంటోడని ఊరంతా చెప్పుకునేవాళ్ళు. నేను నులక అల్లుకునేవాణ్ణి. నువ్వు నవ్వుతావేమోనని భయం. తాళి కట్టకుండా వచ్చానని సామి శిక్షేస్తన్నాడేమోనని ఇంకో భయం" అన్నాడు. "ఆ పహిల్వాను కొట్టిన దెబ్బలకి వానాకాలం వస్తే ఇప్పటికీ నా భుజం లాగుద్ది. నాకు పహిల్వాను కావాలంటే నిన్నెందుకు రమ్మంటాను? నువ్వు తొమ్మిది రోజులు అల్లినప్పుడే నచ్చావు నాకు. కానీ పొగలో కూచోబెట్టినప్పుడు నోరు తెరవలేదే, అది మాత్రం మర్చిపోను" అంది. మర్చిపోలేదు కూడా, చచ్చేదాకా నెలకోసారి గుర్తుచేసేదంట. ఆ రోజు నించి భయం అనేది వాడి ఒంట్లోంచి కొంచెం కొంచెం దిగిపోయింది. ఎందుకు దిగదు? ఏమీ చెయ్యొద్దని అమ్మోరే చెప్పిందాయె, చెయ్యలేకపోతానేమోనన్న దిగులెందుకు? చెయ్యి పట్టుకుని కూచునేవాడు, మాట్లాడేవాడు, నవ్వేవాడు. పందొమ్మిది రోజులు గడిచినయ్. ఇరవయ్యోనాడు, శనివారం, వాన పడతంది, నామాలు పెట్టుకునే వచ్చాడు, తాళాలూ లేవు, తాయెత్తూ లేదు. "అమ్మోరు నలభై రోజులంది గదా" అని వాడే అన్నాడంట మళ్ళా. "అమ్మోరితో నేను మాట్లాడుకుంటాలే, తలుపెయ్" అంది ఆమె. అమ్మోరికి కోపమొచ్చిన దాఖలా ఏమీ లేదు. వాన బాగా పడింది, ఆ ఏడు మిరప కూడా విరగ్గాసింది.

ఆ మీదట ఏడాదికి ఆమే, పసుపుతాడు తెచ్చుకో, ఇంక చూసింది చాలు అంది. కట్టించుకుంది. ఇదంతా నాకు మా అవ్వ చెప్పింది. ఆ పూట చెంచమ్మకి నిజంగా పూనకమొచ్చిందా, నాటకమాడిందా అని మీరు అడగబోతన్నారు, నేనూ మా అవ్వని అడిగా. "నిజం కాకపోతే నాసరయ్య ఎందుకు పడతాడే ముందుగా? ముప్పై ఏళ్ళు పూనకాలతో బతికినోడు, వాడికి తెలవదా?" అంది. నాకైతే అక్కడే అనుమానం. వాడికి బాగా తెలుసు గదా, తనకంటే బాగా ఆడేదాన్ని చూస్తే పడక ఏం చేస్తాడు?