పెద్దయ్యగారి బండి చప్పుడు

యుద్ధం ముగిసి తొమ్మిదేళ్లు. గోదావరి ఒడ్డున, కొత్తపేట దాపుల ఓ లోగిలి. కారుషెడ్డులో పెద్దయ్యగారి పాత బండి, దాని డ్రైవరు లోవరాజు, ఆ పూటే మద్రాసు నుంచి కొత్త రేసుకారులో దిగిన చినబాబు కేశవరావు.

“తుడిచింది చాల్లే లోవరాజూ. ఇంక స్టార్టు చెయ్యి.”

“దీనికీ మీ కొత్తదానికీ పోలికేంటండి! మీది మీట నొక్కితే లేచిపోద్ది. దీనికి హేండిలేసి తిప్పాలి, బతిమాలాలి. ఆయ్.”

“బతిమాలు మరి.”

“మీది గంటకెంత పోద్దండి?”

“నూరు మైళ్లు. మాట మార్చకు.”

“ఇది ముప్ఫయ్యేళ్ల కిందటే తొంభై వెళ్లిందండి. ఓడలరేవు సముద్రపొడ్డు ఇసకలో మీ నాన్నగారు తోలుతుంటే పక్కన నేనే. తలుపుల్లేవు, కప్పు లేదు. నోరు తెరిస్తే ఇసకే. మీదాంట్లో పరుపుమీద కూచున్నట్టుందండి.”

“డాక్టరుగారన్నది విన్నావుగా? రేపటిదాకా ఉంటే గొప్పట. నాన్నగారు కళ్లు తెరిస్తే ఒకటే మాట, బండి చప్పుడు లేదేంట్రా అని.”

“విన్నానండి.”

“నా కారు కిటికీ కింద పెట్టి ఇంజను రేజు చేసేను. ‘ఈ కుట్టుమిషను ఎవడిదిరా’ అన్నారు.”

“అయ్యగారంతేనండి.”

“నవ్వకు. నాకు ఏడుపొస్తోంది. కొడుకొచ్చేడని కూడా తెలీలేదాయనకి. ఆ చప్పుడు వింటే ఒక్కసారి నా మొహం చూస్తారేమో. తియ్యి బండి.”

“పెట్రోలు లేదండి.”

“నాదాంట్లోంచి తీద్దాం.”

“మేగ్నెటో కూడా...”

“మేగ్నెటోకేం? రోజూ సాయంత్రం లోవరాజు బండి తీస్తున్నాడని ప్రతి ఉత్తరంలోనూ రాయించేరు నాన్నగారు. అబద్ధమా?”

“అబద్ధం కాదండి. నిజమూ కాదండి.”

“తప్పుకో, నేను చూస్తాను.”

“చినబాబుగారండీ, వద్దండి! బోనెట్టు ఎత్తకండి, మీకు దణ్ణం పెడతాను...”

“ఇదేంటిది? ఇంజనేదీ? మాట్లాడవేం, ఇంజనేదీ?”

“యుద్ధంలో పెట్రోలు దొరక్క బండి ఆగిపోయిందండి. రేవులో లాంచీకి ఇంజను ఇచ్చెయ్యమన్నారండి అమ్మగారు, పోకముందు. అయ్యగారికి చెప్పనని ఒట్టేయించుకున్నారు. ఆయన మంచాన పడ్డాక ఓ సాయంత్రం లాంచీ చప్పుడు విని, ‘లోవరాజు బండి తీసేడర్రా’ అని లేచి కూచున్నారండి. కాదని ఎలా చెప్పనండి? అప్పట్నుంచీ లాంచీ తీసే వేళకి ఇక్కడికొచ్చి తలుపేసుకుని కూచుంటున్నాను. ఏడేళ్లండి.”

“ఓరి పిచ్చివాడా, దానికింత ఏడుపెందుకు! ఆ లాంచీనే కిటికీ కిందకి తెప్పిద్దాం. అక్కడే కదా గోదారి. పద, నేనడుగుతాను.”

“బాబుగారండీ, పొద్దున్న మీ కారు పంటు మీద గోదారి ఎలా దాటించేరండి?”

“గెడలేసి. పంటుని లాగే లాంచీ ఏదిరా అంటే ఒక్కడూ పలకలేదు. నడిమధ్యన మాత్రం గెడలాపి, అందరూ నీళ్లకి దణ్ణం పెట్టేరు. ఎందుకూ?”

“మొన్న గురువారం గాలివానకి లాంచీ అక్కడే మునిగిపోయిందండి. ఇద్దరు పోయేరు. మీ కొత్త కారు దాటొచ్చింది దాని మీంచేనండి.”